బల్ల కింద బూరె

మా ఇంట్లో కుక్క ఉందంటే మొదటి నాలుగు రోజులూ మాకే నమ్మకం కలిగేది కాదు. రాత్రి పెట్టిన గిన్నె తెల్లారేసరికి ఖాళీ అయ్యేది, కార్పెట్ మీద ఓ మూల తడి కనిపించేది. కుక్క మాత్రం డైనింగ్ టేబుల్ కింద, కుర్చీ కాళ్ళ వెనకాల, గోడవారగా నేలకి అతుక్కుపోయి ఉండేది, పెనం మీద పల్చగా తిప్పిన అట్టులా. ఒళ్ళు గోధుమ రంగు కాబట్టి మా అమ్మాయి దానికి బూరె అని పేరు పెట్టింది. పొంగిన బూరె కాదు లెండి, ఆ రోజుల్లో.

ఇది 2022 అక్టోబరు సంగతి. మేం ఉండేది ఫిలడెల్ఫియాకి పడమరగా ఓ ముప్ఫై మైళ్ళ దూరంలో, ఎక్స్‌టన్‌లో. కోవిడ్ రోజుల్లో మొదలైన "నాన్నా, కుక్క" అనే పాట రెండేళ్ళు విన్నాక ఇహ తప్పలేదు. ఇక్కడి షెల్టర్లకి చాలా కుక్కలు దక్షిణాది రాష్ట్రాల నుంచి వ్యాన్లలో వస్తాయి. 2005లో కట్రీనా తుఫాను తర్వాత ఈ రవాణా బాగా పెరిగింది. మా బూరె కూడా అలా జార్జియా నుంచి వచ్చినదే. కాగితాల్లో "వయసు: సుమారు మూడేళ్ళు" అని ఉంది. దాని ముందు బతుకు గురించి ఒక్క ముక్క లేదు.

అయిదో రోజు నేనో తెలివితక్కువ పని చేశాను. ఆఫీసులో ఒకాయన, కుక్కల్ని పెంచి పెంచి తల పండినవాడు, "ఇంట్లో బాస్ ఎవరో దానికి తెలియాలి. మెడపట్టీ పట్టుకుని లాగు. ఒకసారి బయటికొస్తే అదే అలవాటవుతుంది" అన్నాడు. నాకు సబబుగానే తోచింది. ప్రాజెక్టు మేనేజర్లు నన్ను ఇరవయ్యేళ్ళుగా అలాగే నడిపిస్తున్నారు కదా. వంగి పట్టీ పట్టుకుని లాగాను. అది కరవలేదు, గుర్రుమనలేదు. నాలుగు కాళ్ళూ చాపేసి నేలమీద జారుతూ వచ్చింది, వస్తూ వస్తూ మూత్రం పోసుకుంది. వదిలెయ్యగానే పాక్కుంటూ మళ్ళీ బల్ల కిందికి పోయింది. మా అమ్మాయి మెట్లమీద నించుని అంతా చూసింది. ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు.

నాకు ప్రోగ్రాం పనిచెయ్యకపోతే దాని పాత వెర్షన్లు తవ్వే అలవాటు ఉంది. అసలీ "బాస్" అనే మాట కుక్కల మధ్యకి ఎలా వచ్చిందో చూద్దామని కూర్చుంటే ఆ తవ్వకం కొన్ని వారాలు సాగింది.

ఆ మాటకి రెండు వేర్లున్నాయి. ఒకటి పోలీసు, సైన్యం. జర్మనీలో పోలీసు కుక్కలకి తర్ఫీదిచ్చిన కొన్రాడ్ మోస్ట్ 1910లో రాసిన పుస్తకం చాలాకాలం ఈ విద్యకి మూలగ్రంథం. ముళ్ళ పట్టీలు, దెబ్బలు అన్నీ అందులో ఉన్నాయి. ఇక్కడ విలియం కోలర్ అనే ఆయన, సైన్యపు కుక్కలకి నేర్పి తర్వాత డిస్నీ సినిమాల కుక్కలకీ నేర్పినవాడు, 1962లో తన పద్ధతిని పుస్తకంగా వేశాడు. పెరట్లో గొయ్యి తవ్విన కుక్కని ఏం చెయ్యాలంటే, ఆ గొయ్యిని నీళ్ళతో నింపి దాని తల అందులో ముంచమన్నాడు. కొన్ని తరాల అమెరికన్లు దాన్ని చదివి కుక్కల్ని పెంచుకున్నారు.

రెండోది తోడేళ్ళు. రుడాల్ఫ్ షెంకెల్ అనే స్విస్ శాస్త్రజ్ఞుడు బాసెల్ జంతుప్రదర్శనశాలలో ఒక ఆవరణలో పెట్టిన తోడేళ్ళని గమనించి, అవి పెత్తనం కోసం ఎలా కాట్లాడుకుంటాయో 1947లో రాశాడు. డేవిడ్ మెక్ 1970లో రాసిన తోడేళ్ళ పుస్తకంతో "ఆల్ఫా" అన్న మాట ఊరూరా పాకింది. చిక్కల్లా ఏమిటంటే అవి తెచ్చి ఒకచోట పడేసిన తోడేళ్ళు. 2000లో నేనీ దేశానికి వచ్చినప్పుడు కన్సల్టెన్సీ వాళ్ళు ఎడిసన్‌లో ఒక గెస్ట్ హౌస్‌లో ఏడుగురం బ్రహ్మచారులని పడేశారు. ఒక ఫ్రిజ్, ఒక టీవీ. పాల డబ్బా మీద పేర్లు రాసుకునేవాళ్ళం. ఎవరైనా శాస్త్రజ్ఞుడు ఆ రెండు నెలలు మమ్మల్ని చూసి "తెలుగువారి కుటుంబ జీవనం" అని గ్రంథం రాస్తే ఎలా ఉంటుందో, అదీ అలాంటిదే. మెక్ తర్వాత కెనడా ఉత్తరపు కొసన ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్ళని ఏళ్ళ తరబడి చూసి, అక్కడ ఉండేది అమ్మా నాన్నా పిల్లలేనని 1999లో ప్రకటించాడు. తన పాత పుస్తకాన్ని ఇక ముద్రించవద్దని ప్రచురణకర్తల్ని అడుగుతూనే ఉన్నాడు. వాళ్ళు ఆపింది 2022లో. నేను బూరె పట్టీ పట్టుకుని లాగిన ఏడాదే అన్నమాట.

ఈ తవ్వకంలో నన్ను కట్టిపడేసింది మాత్రం వీళ్ళెవరూ కాదు, పావ్‌లోవ్. గంట మోగితే నోరూరే కుక్కలు అని పదో క్లాసు దాకా చదివి వదిలేసిన ఆయనే. 1924 సెప్టెంబరు 23న లెనిన్‌గ్రాడ్‌లో నెవా నదికి పెద్ద వరద వచ్చింది. పావ్‌లోవ్ కుక్కలు బోనుల్లో ఉన్నాయి. నీళ్ళు పైకి లేచాయి. కుక్కలు ఈదుతూ, మూతులు బోను పైకప్పుకి ఆనించి ఊపిరి పీల్చుకుంటూ ఉండగా పనివాళ్ళు చేరుకున్నారు. బోను తలుపులు కింద ఉన్నాయి. ప్రాణం కాపాడాలంటే ఆ కుక్కని ముందు నీళ్ళలోకి నొక్కి, తలుపులోంచి బయటికి లాగాలి. తనని కాపాడుతున్నారని అప్పుడు కుక్కకి తెలుస్తుందా? ఈ వాక్యం దగ్గర నేను ఓ పూట ఆగిపోయాను.

కుక్కలు బతికాయి. కానీ కొన్ని కుక్కలు అప్పటిదాకా నేర్చుకున్నదంతా మర్చిపోయాయి. గంటకీ దీపానికీ చలనం లేదు. పెట్టిన తిండి కూడా ముట్టని కుక్క ఉంది. పావ్‌లోవ్ శిష్యుడు స్పెరాన్‌స్కీ ఒక కుక్క మీద శ్రద్ధ పెట్టాడు. మామూలుగా ఆ ప్రయోగశాలలో కుక్క ఒక గదిలో, మనిషి అవతల గదిలో ఉండాలి. అదే వాళ్ళ పద్ధతి, దానికోసం గోడలు కూడా మందంగా కట్టుకున్నారు. ఈయన ఆ నియమం పక్కనపెట్టి కుక్కతోబాటు గదిలో కూర్చున్నాడు. కుక్క నేర్చుకున్నవి తిరిగి రావడం మొదలైంది. ఆయన బయటికి వెళితే మళ్ళీ పోయాయి. చివరికి ఆయన ఒంటి బట్టలు కుక్కకి కనపడకుండా గదిలో ఓ చోట పెట్టినా ఎంతో కొంత పనిచేసింది. ఇదంతా పావ్‌లోవ్ తన ఉపన్యాసాల్లో చెప్పుకున్నదే. తర్వాత కుక్క బాగా కోలుకుందనుకున్నాక, శాస్త్రం శాస్త్రమే కాబట్టి, తలుపు కిందనుంచి చప్పుడు లేకుండా సన్నగా నీటి ధార లోపలికి వదిలారు. కుక్క మళ్ళీ మొదటికొచ్చింది.

అప్పుడు మా ఇంట్లో ఆ స్పెరాన్‌స్కీ పని చేస్తున్నది మా అమ్మ. విజిటర్ వీసా మీద ఆర్నెల్లకి వచ్చింది. ఆవిడకి కుక్క ఇంట్లో ఉండటమే గిట్టదు. "దాని జోలికి నేను పోను, నా జోలికి అది రాకూడదు" అని మొదటి రోజే తేల్చి చెప్పింది. కానీ మా ఇంట్లో పగలు ఎండ పడే చోటు ఆ డైనింగ్ రూమ్ కిటికీ ఒక్కటే. అక్టోబరు చలికి ఆవిడ అక్కడే చాప వేసుకుని, బల్లకేసి వీపు పెట్టి, వత్తులు చేసుకుంటూ, యూట్యూబ్‌లో ప్రవచనం వింటూ కూర్చునేది. మేం ముగ్గురం రోజుకి ఇరవైసార్లు వంగి వంగి ముద్దుగా పిలుస్తుంటే బల్ల కిందనుంచి రెండు తెల్లటి కళ్ళే కనబడేవి. తనకేసి చూడని మనిషి ఆ ఇంట్లో ఒక్కర్తే. తొమ్మిదో రోజు నేను లాప్‌టాప్ మీదనుంచి తల ఎత్తితే బూరె మూతి అమ్మ చీర కుచ్చెళ్ళకి బెత్తెడు దూరంలో ఉంది. ముక్కు మాత్రం ఆడుతోంది. అమ్మ చూడలేదు. నేను చెప్పలేదు. మర్నాడు ఆవిడ మర్చిపోయిన శాలువా మీద అది పడుకుని ఉంది. ఆ శాలువాని అమ్మ మూడుసార్లు వాషింగ్ మెషీన్లో వేయించి, అయినా కట్టుకోనంది. సరే, శాలువా బూరెది అయిపోయింది.

ఫిలడెల్ఫియాలోనే ఇంకో కుక్కల కథ జరిగింది. మేం షికారుకి వెళ్ళే పెన్ యూనివర్సిటీలో, 1960ల్లో. మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు కుర్ర పరిశోధకులు, అప్పటికి పాతికేళ్ళవాళ్ళు, కుక్కల్ని కట్టి కరెంటు షాకులిచ్చారు. ఒక కుక్క తలతో పలకని నొక్కితే షాకు ఆగుతుంది. దాని జతగా ఉన్న రెండో కుక్కకీ అంతే షాకు, కానీ అది ఏం చేసినా ఆగదు. తర్వాత రెండింటినీ మధ్యలో చిన్న అడ్డుగోడ ఉన్న పెట్టెలో పెట్టారు. దూకితే చాలు, అవతల షాకు లేదు. మొదటి కుక్క దూకింది. రెండో రకం కుక్కలు చాలావరకు దూకలేదు. అక్కడే పడుకుని మూలుగుతూ భరించాయి. 1967లో దీనికి "నేర్చుకున్న నిస్సహాయత" అని పేరు పెట్టారు. మనుషుల కుంగుబాటుని అర్థం చేసుకోవడానికి ఈ మాట తర్వాత బోలెడంత ఉపయోగపడింది. ఆ కుక్కలకి ఏం ఉపయోగపడిందో నన్నడక్కండి.

వాటిని బాగుచెయ్యడానికీ ప్రయత్నించారు. పిలిచారు, అవతలవైపు మాంసం ముక్కలు పెట్టారు. లాభం లేకపోయింది. చివరికి గొలుసు కట్టి అటూ ఇటూ లాగారు, మళ్ళీ మళ్ళీ లాగారు. అలా లాగగా లాగగా, కదిలితే నొప్పి ఆగుతుందని తెలిసి, అప్పుడు వాటంతట అవే దూకాయి. ఇది చదవగానే ఆఫీసాయన గుర్తొచ్చాడు. చూశావా, లాగమనలేదూ అంటాడు! కాస్త ఆలోచిస్తే తేడా తెలుస్తుంది. అక్కడ నేల మీద కరెంటు ఉంది, లాగిన ప్రతిసారీ నొప్పి ఆగింది. మా ఇంట్లో బల్ల కింద షాకేమీ లేదు. నొప్పి నా చేతిలోనే ఉంది.

అసలు విషయం యాభై ఏళ్ళ తర్వాత బయటపడింది. మేయర్ ఈలోగా మెదడు శాస్త్రం వైపు వెళ్ళి, ఎలుకల మెదళ్ళలో ఏం జరుగుతోందో చూశాడు. 2016లో ఇద్దరూ కలిసి తమ సిద్ధాంతాన్ని తామే తిరగేసి రాశారు. నిస్సహాయత నేర్చుకునేది కాదట. ఎడతెగని బాధ ఎదురైతే చలనం లేకుండా పడిపోవడం పుట్టుకతో వచ్చే స్పందన. నేర్చుకోవలసింది రెండోది, "నేను చేసేదాని వల్ల ఏదో మారుతుంది" అన్నది. ఆ సంగతి పట్టుకుంటే మెదడు ముందుభాగం ఆ పడిపోయే స్పందనని అణచగలదు. యాభై ఏళ్ళు తమకి పేరు తెచ్చిన మాటని తామే తలకిందులు చేసుకున్నందుకు ఆ ఇద్దరికీ నా నమస్కారం.

బూరె దగ్గర మా పద్ధతి అప్పుడు మారింది. పిలవడం మానేశాం. బల్లకి రెండువైపులా కుర్చీలు తీసేశాం, ఎటైనా పోగలిగేలా. అది తల తిప్పి మాకేసి చూస్తే ఒక చికెన్ ముక్క దాని వైపుకి విసరడం, విసిరి మనం రెండడుగులు వెనక్కి వెళ్ళిపోవడం. ఈ వెనక్కి వెళ్ళడమే అసలు జీతం అని నా నమ్మకం. తను చూస్తే మనిషి తగ్గుతాడు. తన చూపుకి ఇంత బలముందని ఆ కుక్కకి బహుశా అదే మొదటిసారి తెలియడం.

ఇలాంటి కుక్కల్ని ఇలాంటి ఓపికతోనే బాగుచేశారని లోకానికి తెలిసింది 2007 తర్వాత. ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ విక్‌కి వర్జీనియాలోని సర్రీ కౌంటీలో ఉన్న స్థలంలో కుక్కల పందేల దందా బయటపడింది. యాభైకి పైగా పిట్ బుల్స్ దొరికాయి. అప్పటిదాకా అలాంటి కేసుల్లో దొరికిన కుక్కల్ని సాక్ష్యం పని అయిపోగానే చంపేసేవారు. జంతువుల మేలు కోరే పెద్దపెద్దవాళ్ళు కూడా చంపడమే మంచిదన్నారు. ఈసారి కోర్టు ఒక్కో కుక్కనీ విడిగా పరీక్ష చేయించింది, వాటి బాగోగులకి విక్ చేత తొమ్మిది లక్షల డాలర్లకి పైగా కట్టించింది. నలభైకి పైగా కుక్కలు బతికాయి. వాటిలో ఇరవై రెండు యూటాలోని బెస్ట్ ఫ్రెండ్స్ ఆశ్రమానికి వెళ్ళాయి. తీరా చూస్తే చాలా కుక్కలు కరిచేవి కావు, నేలకి అతుక్కుపోయేవి. చూసుకున్నవాళ్ళు వాటిని ప్యాన్‌కేక్ కుక్కలన్నారు. మా అట్టు పోలిక నా సొంతం అనుకుని మురిసిపోయాను, నాకంటే పదిహేనేళ్ళు ముందే అనేశారు. వాటిలో జానీ అనే కుక్క తర్వాత గ్రంథాలయంలో చిన్నపిల్లలు బిగ్గరగా చదువుతుంటే పక్కన కూర్చుని వినే ఉద్యోగం చేసింది.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. విక్ జైలు నుంచి వచ్చాక 2009లో మా ఫిలడెల్ఫియా ఈగిల్స్ జట్టులోకే వచ్చాడు. 2010లో అతను విజృంభించి ఆడుతుంటే ఆఫీసువాళ్ళతో కలిసి నేనూ ఈలలు వేశాను. కుక్కల సంగతి తెలియక కాదు.

మెత్తటి తర్ఫీదు ఈనాటి గారాబం అనుకునేవాళ్ళకి ఇంకో మాట. స్కిన్నర్ శిష్యులు కెల్లర్, మరియన్ బ్రెలాండ్ దంపతులు 1940ల్లోనే తిండీ, చిన్న చప్పుడూ తప్ప ఇంకేమీ లేకుండా కోళ్ళకీ పందులకీ విద్యలు నేర్పి దాన్నే వ్యాపారం చేసుకున్నారు. కుక్కల వాళ్ళు వాళ్ళని పట్టించుకోలేదు. 1951లో స్కిన్నర్ కూడా ఒక వ్యాసంలో పిల్లల టిక్కు టిక్కు బొమ్మతో కుక్కకి నేర్పొచ్చని రాశాడు. మన తిరునాళ్ళలో అమ్మే రేకు కప్ప, నొక్కితే టిక్కుమనేది, అదే. హవాయిలో డాల్ఫిన్లకి నేర్పిన కేరెన్ ప్రయర్ 1984లో పుస్తకం రాశాకే అది కుక్కలవాళ్ళకి ఎక్కింది. డాల్ఫిన్‌కి గొలుసు కట్టలేం, కొడితే ఈదుకుంటూ పోతుంది. అంచేత అక్కడ మర్యాద తప్పనిసరి. నేనూ ఆరు డాలర్లు పెట్టి క్లిక్కర్ కొన్నాను. ఒక్క టిక్కుకి బూరె రెండు రోజులు బల్ల కిందనుంచి రాలేదు. దాన్ని సొరుగులో పడేసి "ఊఁ" అనడం మొదలెట్టాం.

అన్నట్టు అమెరికాలో వీధికుక్కలకి తొలి ఆశ్రయాల్లో ఒకటి వెలిసింది కూడా ఈ ఊళ్ళోనే. కేరొలైన్ ఎర్ల్ వైట్ అనే ఆవిడ జంతు సంరక్షణ సంఘం పెట్టడానికి 1867లో చెమటోడ్చింది. ఆడవాళ్ళు కాబట్టి కార్యవర్గంలో చోటివ్వలేదు. 1869లో ఆడవాళ్ళంతా వేరే శాఖ పెట్టుకుని, కుక్కల్ని పట్టేవాళ్ళ చేతిలోంచి ఆ పనే తమ చేతిలోకి తీసుకున్నారు. ఎవరూ రాని కుక్కల్ని వాళ్ళూ చంపారు, కాకపోతే బాధ తక్కువగా. మన దగ్గర పట్టి చంపడం బదులు ఆపరేషన్ చేసి వదిలే పద్ధతికి మద్రాసు కార్పొరేషన్ ఒప్పుకుంది 1996లో. దేశానికంతటికీ నిబంధనలొచ్చింది 2001లో.

నా కథ 1983. గుంటూరు జిల్లాలో మా ఊరు. నాకు తొమ్మిదేళ్ళు. మా అరుగు మీద పడుకునే నల్ల కుక్కని కరియా అనేవాళ్ళం. పొద్దున్నే నా ఇడ్లీలో సగం దానిదే. ఆ ఎండాకాలం మా వీధిలో ఒకబ్బాయిని ఏదో పిచ్చికుక్క కరిచింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు. వీధి వీధంతా భయపడింది, అందులో తప్పేమీ లేదు. ఇనప పటకార్లతో మనుషులొచ్చారు. కరియా తూములో దూరింది. వాళ్ళలో ఒకాయన నా దగ్గరికొచ్చి, "బాబూ, నీ మాట వింటుందటగా. ఒక్కసారి పిలువు" అన్నాడు. ఎందుకో నాకు తెలుసు. తెలియదని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను కానీ తెలుసు. "రా, కరియా, రా" అన్నాను. తోక ఊపుకుంటూ వచ్చింది. ఆయన నా చేతిలో పావలా పెట్టాడు. దాంతో పిప్పరమెంట్లు కొనుక్కున్నాను.

అమ్మకి తప్ప ఇది ఎవరికీ తెలియదు. ఈ వ్యాసం చదివి మా ఆవిడకి తెలుస్తుంది. బూరెని అందరూ పిలిచారు, నేను మాత్రం పట్టుకు లాగానే గానీ ఒక్కసారీ "రా" అనలేదని మా అమ్మాయి అప్పట్లో అడిగింది. ఏదో చెప్పి తప్పించుకున్నాను.

అమ్మ మార్చిలో వెళ్ళిపోయింది. వెళ్ళిన వారానికి, ఎండ పడే చోట అమ్మ చాప మీద నేనే కూర్చుని, బల్లకేసి వీపు పెట్టి, పావ్‌లోవ్‌ని చదువుకుంటున్నాను. పక్కన పళ్ళెంలో చపాతీ. ఒక ముక్క తుంచి, చూడకుండా, చెయ్యి వెనక్కి పెట్టి ఉంచాను. ఏమీ అనలేదు. చెయ్యి నొప్పి పుట్టేంతసేపు అలాగే ఉన్నాను. వేళ్ళకి వెచ్చగా ఊపిరి తగిలింది, ముక్క పోయింది, గోళ్ళ చప్పుడు బల్ల కిందికి వెళ్ళింది.

మర్నాడు మళ్ళీ వచ్చింది. ఈసారి ముక్క తీసుకుని అక్కడే, నా వెనకాలే నించుని నమిలింది.